ఇటలీ నగరములలో ఒక వసంతము



శీతలదేశములలో వసంతఋతువునకు గల గౌరవము మన ఉష్ణదేశమున పుట్టి పెరిగినవారికి వెంటనే బోధపడునది కాదు. నవంబరు మొదలు మార్చి వరకు ఆకులు రాలిన చెట్లను, మధ్యాహ్నము నాలుగు గంటలకే చీకటిపడు ఆకాశమును చూచి చూచి, దీపము క్రింద పుస్తకము తెరచి కూర్చుండుటయే దినచర్యగా గడపిన విద్యార్థికి, ఈస్టరు పండుగ సమీపించి విశ్వవిద్యాలయము సెలవిచ్చుటయు, దక్షిణపు గాలి వెచ్చగా వీచుటయు ఒక్కమారు సంభవించినప్పుడు, ఎక్కడికైనను ప్రయాణము కట్టవలెనన్న కోరిక కలుగుట సహజము. ఇంగ్లాండులో చదువుకొనుచున్న మేము కొందరము తెలుగు విద్యార్థులము అట్టి సెలవులలో ఇటలీదేశపు ప్రాచీననగరములను చూడబోయితిమి. ఆ యాత్రలో చూచినవానిని, చూచి ఆలోచించుకొనినవానిని మీకు విన్నవించుట ఈనాటి నా ప్రసంగోద్దేశము.

పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో ఇంగ్లాండు ప్రభుకుటుంబముల యువకులు చదువు ముగియగనే గురువును వెంటబెట్టుకొని, ఆల్ప్సు పర్వతములు దాటి, ఇటలీ చేరి, నెలల తరబడి అక్కడ నిలిచి, శిల్పచిత్రకళలతోను రోమను శాసనములతోను పరిచయము సంపాదించుకొని మరలివచ్చుట ఆచారముగా నుండెను. నాడు శ్రీమంతులకే దక్కిన ఆ భాగ్యము నేడు రైలుబండి పుణ్యమా అని సామాన్యవిద్యార్థికిని దక్కుచున్నది. వారివెంట గురువు నడిచెను. మాకు మేమే ఒకరికొకరము గురువులమైతిమి. మాలో ఒకరు నిర్మాణశాస్త్రము, ఒకరు వైద్యము, మరియొకరు రసాయనశాస్త్రము చదువువారు; నాది చరిత్ర. ఒకే గోడ ముందు నిలిచి నలుగురము నాలుగు విధములుగా ప్రశ్నించుకొనెడివారము. దినములు గడచినకొలది ఆ ప్రశ్నలన్నియు ఒక్క ప్రశ్నగా కూడుకొనినవి: ఇన్ని శతాబ్దములనాటి కట్టడము నేటికిని నిలిచియున్నదే, దీనిని ఇంతకాలము నిలిపినవారెవ్వరు? కట్టించిన చక్రవర్తుల పేర్లు చిన్నపిల్లల పాఠపుస్తకములలోను కలవు. నిలిపినవారి కథ మాత్రము ఆయా నగరముల వీధులలో తిరిగి, అడిగి తెలిసికొనవలసియున్నది.

మేము మొదట దిగిన నగరము రోము. క్రీస్తుపూర్వము 753వ సంవత్సరమున ఏప్రిలు 21వ తేదీని ఈ నగరమునకు పునాది పడెనని రోమనుల ఐతిహ్యము. ఆ దినమును పౌరులు నేటికిని ఉత్సవముగా జరుపుకొందురు. ప్రసిద్ధమైన స్పానిషు సోపానములపై ఆ మాసమున పూలకుండీలు బారులు తీర్చి అలంకరింతురు. వసంతసూర్యుని కాంతిలో పాత ఇండ్ల గోడలు గోపీచందనపు వన్నె పొంది కన్నులకు హాయి గొల్పుచుండెను.

అందరివలెనే మేమును ముందుగా కొలోసియమునకు పోయితిమి. వెస్పేసియను చక్రవర్తి పునాది వేయించగా అతని కుమారుడు టైటసు క్రీస్తుశకము 80లో తెరచిన ఈ మహారంగస్థలమున సుమారు 50,000 మంది కూర్చుండెడివారట. 1349లో వచ్చిన భూకంపమునకు దీని దక్షిణపార్శ్వము కూలిపోయెను. అప్పటికి ఆ కట్టడము పూర్వపు ఉపయోగమును కోల్పోయియుండెను. కావున కూలిన రాయి శతాబ్దముల కాలము నగరములోని భవనములకును, దేవాలయములకును తరలిపోయెను. ఒక సామ్రాజ్యము గర్వముతో నిలిపిన రాతిపర్వతము రాతిగనిగా మారిపోయినది. ఐనను తూర్పువైపున ఒక దృశ్యము మమ్ము చాలసేపు నిలిపివేసినది. 1807లో రాఫేలు స్టెర్ను అను వాస్తుశిల్పి అక్కడ ఒక బ్రహ్మాండమైన ఇటుక ఆనుగోడ కట్టించెను. అప్పటికే తోరణములలోని రాళ్లు జారి పడుటకు సిద్ధముగా నుండగా, అతడు వానిని సరిచేయు ప్రయత్నము మాని, జారిన రాయిని జారినచోటనే ఇటుకలతో పట్టి నిలిపెను. పడబోవుచు ఆగిపోయిన ఆ రాళ్లను నేటికిని చూడవచ్చును. గతమును అందముగా తిరిగి కట్టుటకంటె, ఉన్నదానిని ఉన్నట్లు పడకుండ ఆపుటయే ముందు చేయవలసిన పనియని ఆ మహాశిల్పి తలచినట్లున్నది.

పాంథియాను అను ప్రాచీనదేవాలయపు కథ దీనికి విరుద్ధమైనది. హాడ్రియను చక్రవర్తి రెండవ శతాబ్దపు తొలిపాదమున దీనిని తిరిగి కట్టించియు, ముఖద్వారముపై తన పేరు చెక్కించుకొనక, అంతకుముందు అదే స్థలమున దేవాలయము నెత్తించిన అగ్రిప్పా పేరునే నిలిపెను. లోపల అడుగుపెట్టినంతనే మా నిర్మాణశాస్త్రమిత్రుడు తల పైకెత్తి అట్లే నిలిచిపోయినాడు. గోపురపు వ్యాసము 43 మీటర్లకు పైబడినది. నేలనుండి శిఖరమునకు గల ఎత్తును సరిగా అంతియే. క్రింది వరుసలలో బరువైన రాతిముక్కలను, పైకి పోయినకొలది తేలికరాతిని, కట్టకడపట నీట తేలు అగ్నిపర్వతశిలను సున్నపుకాంక్రీటులో కలిపి, పైభాగము బరువు తగ్గించినారు. నట్టనడుమ ఆకాశమునకు తెరచిన పెద్ద రంధ్రము. దానినుండి పడు వాననీరు పోవుటకు నేలలో చిన్న తూములు.

“ఒక్క ఇనుపకమ్మి లేకుండా ఇంత కప్పు వేశారురా! పుస్తకంలో చదివాను గాని ఇప్పుడు గాని నమ్మకం కుదరలేదు” అని అతడు మెల్లగా అనెను.

ఇంత గొప్పగా కట్టుట వలననే ఇది నిలిచెనా యన్నచో, అది సగము సమాధానము మాత్రమే. 609లో పోపు నాలుగవ బోనిఫేసు దీనిని క్రైస్తవదేవాలయముగా మార్చెను. నాటినుండి దీపము పెట్టువారు, ఊడ్చువారు, పైకప్పు కారినచో చూచుకొనువారు దీనికి ఎడతెగక కలిగిరి. పదునేడవ శతాబ్దమున ఒక పోపు ముఖమండపపు కంచుదూలములను ఊడదీయించి ఫిరంగులకును ఇతర నిర్మాణములకును వాడుకొనిన మాటయు నిజమే. ఐనను మందిరము మాత్రము చెక్కుచెదరలేదు. మహాచిత్రకారుడు రఫాయేలు సమాధి ఇందే కలదు. ఉపయోగము లేనిది రాతిగని యైనది. నిత్యము ఉపయోగపడినది దాదాపు పందొమ్మిది శతాబ్దములుగా నిలిచినది. రోమునగరము మాకు చెప్పిన మొదటి పాఠమిది.

ఆ పాఠమునకు జలరూపమైన ఉదాహరణమును అక్కడికి సమీపముననే కలదు. క్రీస్తుపూర్వము 19లో పైన చెప్పిన అగ్రిప్పాయే స్నానశాలలకొరకు అక్వా విర్గో అను కాలువ త్రవ్వించి, చాలవరకు భూగర్భముననే నడిపించి, దూరపు ఊటనీటిని నగరమునకు తెచ్చెను. నడుమ ఎన్నియో తడవలు పూడి, పదునైదవ శతాబ్దమున పోపు ఐదవ నికొలసు కాలమునను తదుపరియు బాగుచేయబడి, ఆ జలమే నేడు 1762లో ముగిసిన ట్రేవీ జలయంత్రమున ఉరుకుచున్నది. యాత్రికులు అందులో నాణెములు విసరి వేడుకపడుచుండగా, మేము ఆ కాలువను తరమునకొక తూరి పూడిక తీసిన పేరెరుగని కూలీలను తలచుకొంటిమి.

రోమునుండి ఉత్తరముగా పోవుచు సియేనాలో కొద్దిసేపు ఆగితిమి. అచటి ప్రధానదేవాలయము ప్రక్కన ఒంటరిగా నిలిచిన ఎత్తైన గోడ యొకటి కలదు. 1339లో ఆ పౌరులు తమ దేవాలయమును అతివిశాలముగా పెంచదలచి పని మొదలుపెట్టగా, 1348లో ప్లేగు వచ్చి నగరమును నిర్మానుష్యప్రాయము చేసెను. పని ఆగిపోయినది, గోడ మిగిలినది. ఆ మహమ్మారి తాకిడి ఎంతటిదో ఏ గ్రంథమును చెప్పలేనంత స్పష్టముగా ఆ గోడ చెప్పుచున్నది.

అటుపిమ్మట ఫ్లారెన్సు. ఆర్నోనదికి దక్షిణమున సాన్ మినియాటో గుట్టపైకెక్కి, రొట్టెయు జున్నును నారింజపండ్లును విప్పుకొని కూర్చుండి, సాయంకాలపు ఎండలో ఆ నగరమును చూచితిమి. పిల్లలను రెక్కల క్రిందికి తీసికొనిన కోడివలె ఎఱ్ఱని పెంకుటిండ్లనన్నిటిని తనచుట్టు చేర్చుకొని ప్రధానదేవాలయపు గోపురము నడుమ కూర్చున్నది. వెనుకటికాలమున ఈ నగరవాసులకు సంవత్సరాది మార్చి 25వ తేదీ. మన ఉగాదివలెనే వారి సంవత్సరమును వసంతముతోనే మొదలగుచుండెను. 1750 వరకు ఆ ఆచారము చెల్లినది. 1436లో ఆ సంవత్సరాదినాడే పోపు నాలుగవ యూజీనియసు ఈ దేవాలయమును ప్రతిష్ఠించెను.

ఈ గోపురపు చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయమొకటి కలదు. 1296లో పని ప్రారంభమైన దేవాలయమునకు ఎంత గోపురముండవలెనో 1367లో పౌరులు నమూనా చేయించి నిశ్చయించిరి. అంత వెడల్పున గోపురమెత్తు విధానము ఆనాడు వారిలో ఎవ్వరికిని తెలియదు. తెలియకున్నను, తరువాతివారు తెలిసికొందురను విశ్వాసముతో గోడలు కట్టుచు పోయిరి. డెబ్బది సంవత్సరముల లోపుననే ఆ విశ్వాసము ఫలించెను. కంసాలిపనిలో ఆరితేరిన ఫిలిప్పో బ్రునెలెస్కి 1420లో పని చేపట్టి, నేలనుండి కొయ్యసారువ లేకుండనే, ఒకదానిలో నొకటిగా రెండు చిప్పలు కట్టి, ఇటుకలను చేపముల్లు వరుసలో పేర్చి, ఏ వరుసకావరుస తన్ను తాను మోసికొనునట్లు చేసి, 1436 నాటికి గోపురమును మూసివేసెను. నలువదిలక్షలకు మించిన ఇటుకలు అందు పట్టినవట. నాలుగువందల అరువదిమూడు మెట్లెక్కి ఆ రెండు చిప్పల నడుమ నడచునప్పుడు, మా నిర్మాణశాస్త్రమిత్రుడు ప్రతి మలుపునందును ఆగి గోడను చేతితో తడవుచుండెను.

ఇంతకు ఆ గోపురమును కాపాడుచున్నవారెవరు? దేవాలయ నిర్మాణముకొరకు 1296లో ఏర్పడిన ఓపెరా అను సంస్థ నేటికిని సజీవముగా నున్నది. ఆ సంస్థవారి కర్మశాలలో శిల్పులు ఉలిచేబూని, వానకు ఎండకు అరిగిన పాలరాతి భాగములను ఒకటొకటిగా మార్చుచున్నారు. ఏడువందల సంవత్సరములుగా ఒక సంస్థ ఒకే పనిని చేయుచుండుట సామాన్యవిషయమా? వ్యక్తులు మరణింతురు, మంచి నియమములతో నడచు సంస్థ వ్యక్తుల శ్రద్ధను ఒక తరము చేతినుండి మరియొక తరము చేతికి అందించుచుండును.

మరునాడు మా వైద్యవిద్యార్థిని మమ్ము ఇన్నొచెంతీ అనాథశిశుశాలకు తీసికొనిపోయినది. పట్టువర్తకుల శ్రేణి ధనమిచ్చి బ్రునెలెస్కి చేతనే 1419లో ఆరంభింపజేసిన ఈ భవనమున 1445 మొదలు దిక్కులేని పసిబిడ్డలను చేర్చుకొనిరి. ముఖభాగమున తొమ్మిది కమానుల నడుమ నీలిరంగు వలయములలో పొత్తిగుడ్డల శిశువుల బొమ్మలను ఆంద్రియా డెల్లా రొబ్బియా చేసిపెట్టెను. బిడ్డను విడిచిపోవు తల్లి సగము విరిచిన పతకమునో, పూసనో, రిబ్బను ముక్కనో బిడ్డకు కట్టి, మిగిలిన సగము తనయొద్ద దాచుకొనెడిది. ఎన్నడైన దైవమనుకూలించి మరలివచ్చినచో బిడ్డను గుర్తించుటకు. ఆ గుర్తులు కొన్ని అక్కడ భద్రముగా ఉంచబడినవి.

“ఆనాటి ఆసుపత్రి చీటీ ఇది. బిడ్డ పేరు రాయలేదు గాని తల్లి ఆశ మాత్రం రాసిపెట్టుకుంది” అని ఆమె అనినది. మాలో ఎవ్వరమును చాలసేపు మాటాడలేదు.

1875 వరకు బిడ్డలను విడిచిపోవు గవాక్షము తెరచియుండెను. నేడును ఆ ప్రాంగణమున ఐక్యరాజ్యసమితి శిశుసంక్షేమసంస్థవారి పరిశోధనకేంద్రము పనిచేయుచున్నది. అందమైన భవనములు ఎన్నియో కలవు. ఏ దయకొరకు కట్టబడెనో ఆ దయను విడువక ఆరు శతాబ్దములు నిలిచిన భవనములు అరుదు.

ఆర్నోనదిపై సాంతా ట్రినిటా అను వంతెన కలదు. పదునారవ శతాబ్దమున బార్తొలొమేయో అమ్మనాతి కట్టిన ఈ వంతెన నాలుగు మూలలను నాలుగు ఋతువుల విగ్రహములు అలంకరించుచున్నవి. 1944 ఆగస్టులో జర్మనుసేనలు వెనుదిరిగిపోవుచు, ప్రాచీనమైన పొంటే వెక్కియోను మాత్రము మిగిల్చి, నగరములోని తక్కిన వంతెనలనన్నిటిని ప్రేల్చివేసిరి. యుద్ధము ముగిసిన పిమ్మట పౌరులు క్రొత్త తరహా వంతెన ఒప్పుకొనక, నదిలో పడిన రాళ్లను వెదకి తీయించి, చాలని రాతిని పూర్వపు గనినే తిరిగి తెరచి త్రవ్వించి, 1958 నాటికి ఆ వంతెననే మరల నిలిపిరి. వసంతదేవత విగ్రహమునకు మాత్రము శిరస్సు దొరకలేదు. 1961లో నదీగర్భమున ఇసుకలో అది దొరికినప్పుడు నగరమంతయు పండుగ చేసికొనినది. ఆ వంతెనపై వసంతదేవత మెడచుట్టు అతుకు చూచుచు మేము నిలిచినది వసంతకాలముననే. వసంతము ప్రతి సంవత్సరమును ప్రకృతి యిచ్చు దానము. ఈ వసంతమును మనుష్యులు వెదకి తెచ్చుకొనిరి.

ఇక వెనీసు. రైలు ఉప్పుకయ్యపై వంతెన దాటి స్టేషను చేరినంతనే మెట్ల క్రింద నీరే వీధియై కనబడును. నూటికి పైబడిన చిన్న దీవులమీద, నాలుగువందలకు మించిన వంతెనలతో కుట్టబడిన ఈ నగరము క్రింద గట్టినేల లేదు. బురదలో లెక్కకు మిక్కిలిగా కొయ్యగుంజలు దిగగొట్టి, వానిపై పలకలు పరచి, ఉప్పునీటిని తట్టుకొను ఇస్త్రియా రాతిని పేర్చి, ఆపై భవనములు కట్టిరి. రియాల్టో వంతెన క్రిందనే సుమారు 12,000 గుంజలు కలవందురు. కొయ్య కుళ్లదా యని నేను అడుగగా మా రసాయనశాస్త్రమిత్రుడు వివరించెను: బురదలో గాలి చొరదు, ప్రాణవాయువు లేనిచోట కొయ్యను తినివేయు శిలీంధ్రములు బ్రతుకలేవు, గుంజకు ముప్పు నీరును గాలియును మార్చి మార్చి తాకు అంచుననే.

కాని బురద నగరమును మోయుచున్నను, అదే బురద నగరమునకు శత్రువు కూడ. బ్రెంతా, పియావే, సీలే నదులు తెచ్చు ఒండ్రు ఉప్పుకయ్యను పూడ్చివేయుచుండెను. వెనీసు ప్రజాప్రభుత్వము 1501లో జలపాలనకు ప్రత్యేకాధికారులను నియమించి, తరతరములుగా శ్రమించి, ఆ నదుల గమనమునే మరల్చి సముద్రమున కలిపినది. చుట్టును నీరే యైనను త్రాగునీరు లేని ఆ నగరమున ప్రతి వాడకట్టు నడుమను వాననీటిని ఇసుకపొరలలో వడగట్టు బావి యుండెను. దాని మూతకు తాళముండెను. గంట మ్రోగినప్పుడే తెరచెడివారు. 1884లో కొళాయినీరు వచ్చువరకు ఇదియే పద్ధతి. చెక్కడపురాతి ఒరలతో ఆ బావులు నేటికిని వీధికూడళ్ల నడుమ నిలిచియున్నవి. రోము ఉపయోగమును, ఫ్లారెన్సు సంస్థలను చూపినచో, వెనీసు మాకు ఏమరుపాటులేని జాగరూకతను చూపినది. నేడును సముద్రపు పోటు అధికమైనప్పుడు, ఉప్పుకయ్య మూడు ముఖద్వారములయందును 78 ఇనుపతలుపులు పైకిలేచి నీటిని అడ్డుకొనును. 2020 అక్టోబరు 3వ తేదీన అవి మొదటిసారి నగరమును ముంపునుండి కాపాడినవి. ఐనను కాపాడవలసిన పౌరులే తగ్గిపోవుచున్నారు. ఒకప్పుడు లక్షన్నర దాటిన జనము నేడు ఆ పాతనగరమున 50,000 లోపునకు వచ్చినది. వసతి ఖరీదు పెరిగి, ఇండ్లన్నియు యాత్రికుల విడుదులగుచుండగా, మావంటి యాత్రికులు ఆలోచింపవలసిన విషయమిది.

తెలుగువారికి వెనీసుతో ప్రాచీనసంబంధము కలదు. ఇక్కడి వర్తకకుటుంబమున 1254లో జన్మించిన మార్కోపోలో తన గ్రంథమున మన మోటుపల్లి రాజ్యమును వర్ణించినాడు. న్యాయముగా ఏలు ఒక రాణిని ప్రశంసించినాడు. వజ్రములను, సాలెగూటివలె సన్నని వస్త్రములను పేర్కొనినాడు. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి యని చరిత్రకారుల అభిప్రాయము. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనమున, తుపానుకు ఒడ్డున పడిన ఓడల సరకులను పూర్వపు రాజులవలె అపహరింపక, న్యాయమైన సుంకము మాత్రమే గైకొందునని సముద్రవర్తకులకు మాటయిచ్చినాడు. రియాల్టో అంగళ్ల నడుమ నడచుచు నా మిత్రులకు ఈ కథ చెప్పితిని. మన తీరపు మాటలోని నిజాయితీ ప్రపంచపు వర్తకమున విలువగలదియై యుండెనని వారెల్లరు సంతసించిరి.

ఇప్పుడు విద్యార్థులకు ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాను. 1966 నవంబరు 4వ తేదీన, ఒక్కదినముననే, వెనీసున సముద్రము 194 సెంటీమీటర్ల ఎత్తునకు పొంగెను. ఫ్లారెన్సున ఆర్నోనది కట్టలు తెంచుకొని వీధులలోనికి వచ్చెను. నూనెయు బురదయు కలిసిన వరదనీరు సాంతా క్రోచే దేవాలయమున జొచ్చి చిమాబూయే చిత్రించిన మహాశిలువను పాడుచేసెను; జాతీయగ్రంథాలయపు నేలమాళిగలలో లక్షలకొలది గ్రంథములు మునిగిపోయెను. ఆ వార్త విని ఇటలీనుండియు, ఇతరదేశములనుండియు యువకులు, యువతులు, అందు పెక్కుమంది విద్యార్థులు, ఎవ్వరును పిలువకనే తరలివచ్చి, మోకాలిలోతు బురదలో వరుసలుగా నిలిచి, చేతినుండి చేతికి ఒక్కొక్క పుస్తకమును అందించుకొనుచు వెలికితీసిరి. ప్రతి పుట నడుమను పీల్చుడుకాగితములుంచి ఆరబెట్టిరి. వారిని ఆ నగరవాసులు బురదలోని దేవదూతలని పిలిచి నేటికిని స్మరించుచున్నారు. గ్రంథరక్షణశాస్త్రము తరువాతి కాలమున పొందిన అభివృద్ధికి ఆ శ్రమయే చాలవరకు మూలము.

విద్యార్థి యాత్రికుడుగా వచ్చి అందమును చూచి ఆనందించుట మంచిదే. అతడు చరిత్రకు సేవకుడు కూడ కాగలడని ఆ యువజనులు నిరూపించిరి. చక్రవర్తి కట్టించుట ఒక్కనాటి కార్యము. పూడిక తీయుట, అరిగిన రాయి మార్చుట, పుస్తకమారబెట్టుట ప్రతి తరమును చేయవలసిన కార్యములు. నగరములకు చరిత్ర కలుగుట ఈ రెండవ విధమైన కార్యముల వలననే యని ఆ యాత్రలో మాకు దృఢమైన విశ్వాసము కలిగినది.

కావున సెలవులలో ప్రయాణము చేయదలచు యువమిత్రులకు నా విన్నపమిది. తక్కువ నగరములు చూడుడు, ఎక్కువసేపు చూడుడు. వేరువేరు శాస్త్రములు చదువు స్నేహితులను వెంటగొనిపొండు. వారి ప్రశ్నలు మీ కన్నులకు క్రొత్త చూపునిచ్చును. ఎవరు కట్టిరో తెలిసికొన్న పిమ్మట, ఎవరు కాపాడుచున్నారో కూడ అడుగుడు. వెనీసు చూచివచ్చినవారు చీరాలకు సమీపముననున్న మోటుపల్లికిని పోయి, వీరభద్రాలయమున గణపతిదేవుని శాసనస్తంభము ముందు నిలిచి, అక్కడను ఆ ప్రశ్నయే వేయుడు. దానికి తగిన సమాధానము దొరకనిచో, ఆ పనికి ముందుగా చేయి చాచవలసినవారము మనమే. తాతలు కట్టినదానిని చూచి గర్వించుటకు ఎవ్వరికైనను హక్కు కలదు; కాపాడి మనుమల చేతికి ఇచ్చినవారి గర్వమునకే అర్థము కలదు.